పద్యానికి ట్యాగులు: టీఈఐని ఎంతవరకు సాగదీయాలి, ఎక్కడ ఆపాలి?

పాత శతకమో ప్రబంధమో కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని కూర్చున్నవాళ్లకు మొదటి నెల హాయిగానే గడుస్తుంది. టైపు చేస్తారు, అచ్చుతప్పులు దిద్దుతారు, ఏ పద్యానికి ఆ పద్యం విడగొడతారు. చిక్కంతా ఆ తర్వాతే. ఇది ఆటవెలది అని ఫైల్లో ఎక్కడ రాయాలి? యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, ఏ అక్షరం మీద పడిందో ఎలా చూపాలి? ఇక్కడ సంధి విడదీస్తే తప్ప యతి కుదరదు, ఆ ముక్క ఎక్కడ పెట్టాలి?

సాహిత్య పాఠాలకు ట్యాగులు, అంటే ఇది పద్యం, ఇది పాదం అని కంప్యూటర్‌కు చెప్పే గుర్తులు, పెట్టాలంటే ప్రపంచమంతా ఎక్కువగా వాడేది టీఈఐ, అంటే టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్. 1987లో అమెరికాలోని వాసర్ కాలేజీలో జరిగిన సమావేశంతో మొదలైంది. ఇప్పుడు వాడుకలో ఉన్న పీ5 రూపం 2007లో వచ్చింది. నాటకానికి, నిఘంటువుకు, రాతప్రతికి, పద్యానికి కలిపి 550కి పైగా ట్యాగులున్నాయి. ఇన్ని ఉన్నా మన ఛందస్సు దగ్గరకొచ్చేసరికి చొక్కా భుజాల దగ్గర బిగుసుకున్నట్టు ఉంటుంది. దాన్ని కుట్టు విప్పి వదులు చేసుకోవాలా, ఉన్నదాంతో సర్దుకోవాలా, కొత్తది కుట్టించుకోవాలా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఐదు దారులున్నాయి. ఈ పనిలో కొన్నేళ్లుగా ఉన్నదాన్ని కాబట్టి ఏది ఎవరికి సరిపోతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

## ముందు ఒక్క పాదం చూద్దాం

అందరికీ నోటికొచ్చిన వేమన పద్యమే తీసుకుందాం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

ఆటవెలదిలో బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. మొదటి పాదాన్ని కోస్తే ఇలా వస్తుంది: ఉప్పు | కప్పు | రంబు | నొక్కపో | లికనుండు. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి.

ఇప్పుడు రెండు సంగతులు గమనించండి. ఒకటి, "పోలిక" అన్న మాట నడిమికి తెగింది. "పో" నాలుగో గణంలో, "లిక" ఐదో గణంలో ఉన్నాయి. రెండు, యతిస్థానంలో కంటికి కనిపించేది "నొ", పాదం మొదట ఉన్నది "ఉ". పైపైన చూస్తే యతి తప్పినట్టే. కానీ అది "కప్పురంబున్ + ఒక్క". ద్రుతాన్ని, అంటే ఆ చివరి "న్"ను, విడదీస్తే ఉ, ఒ ఎదురెదురుగా నిలబడతాయి, యతి చక్కగా కుదురుతుంది. రెండో పాదంలో దారి వేరు. చూ, జా అచ్చులు కలవవు, అక్కడ "చూడ", "జాడ" రెండో అక్షరాలు కలిశాయి, అది ప్రాసయతి.

రెండు పాదాల్లో రెండు రకాల యతి, ఒక సంధి, మధ్యకు తెగిన ఒక మాట. మీరు ఎంచుకునే పద్ధతి ఈ రెండు పాదాలను మోయగలిగితే చాలా పద్యాలను మోస్తుంది. మోయలేకపోతే ఆ సంగతి ఇక్కడే తెలిసిపోతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇది: మీరు రాయబోయే సమాచారం ఎవరు తేల్చింది? గురులఘువులు యంత్రమే లెక్కగడుతుంది. దీర్ఘం, సున్న, విసర్గ, పొల్లు, పక్కన సంయుక్తాక్షరం చూసి తేల్చే సాఫ్ట్‌వేర్‌లు తెలుగుకు ఎప్పుడో వచ్చాయి. మరి ప్రతి అక్షరానికీ గురువో లఘువో చేత్తో రాసుకుంటూ పోవడం ఎందుకు? "నొ"ను ఇక్కడ "న్ + ఒ"గా విడదీయాలన్నది మాత్రం మనిషి తీసుకున్న నిర్ణయం. పాఠాంతరాల్లో ఏది ఎంచుకున్నాం, సందేహమున్నచోట ఏ అర్థం తీసుకున్నాం అన్నవీ అలాంటివే. నా పట్టుదల ఇక్కడే. మార్కప్‌ను, అంటే ఈ ట్యాగుల పద్ధతిని, సాగదీసే శ్రమంతా మనిషి తేల్చినవాటికే ఖర్చు పెట్టాలి. యంత్రం మళ్లీ మళ్లీ లెక్కగట్టగలిగినదాన్ని ఫైల్లో పాతేస్తే, రేపు ఒక అచ్చుతప్పు దిద్దగానే పాత లెక్క తప్పుగా అక్కడే ఉండిపోతుంది.

రెండోది అడ్డుకోత. టీఈఐ ఫైళ్లు రాసేది ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే రూపంలో. అందులో ఒక ట్యాగు ఇంకో ట్యాగు లోపల పూర్తిగా ఇమడాలి, సగం లోపల సగం బయట ఉండకూడదు. మన గణాలేమో మాటల్ని అడ్డంగా కోస్తూనే ఉంటాయి.

మూడోది, తప్పులు పట్టే వీలు. ట్యాగులు పెట్టేది నలుగురైతే దీని విలువ మూడో రోజుకే తెలుస్తుంది. మా పనిలో ఒకరు "ఇంద్ర" అని, ఇంకొకరు "ఇం" అని, మరొకరు "ఇంద్రగణం" అని రాశారు. ఎవరిదీ తప్పు కాదు, ఏది రాయాలో ఎవరూ చెప్పలేదు. అవన్నీ ఒక దారికి తెచ్చేసరికి మాకు ప్రాణం మీదికొచ్చింది.

నాలుగోది, బయటివాళ్లు చదవగలగడం. పదేళ్ల తర్వాత మీరు లేనప్పుడు ఆ ఫైలు తెరిచినవాళ్లకు ఏమైనా అర్థం కావాలి కదా.

## మొదటి దారి: ఉన్న ట్యాగులతోనే సర్దుకోవడం

పద్యానికి "ఎల్‌జీ", పాదానికి "ఎల్", గణానికి "సెగ్" వాడొచ్చు. ఛందస్సు నమూనాను "మెట్" అనే యాట్రిబ్యూట్‌లోనూ (ట్యాగుకు తగిలించే అదనపు వివరం), కవి అసలు నడిపిన నడకను "రియల్"లోనూ రాయొచ్చు. ఈ రెండిటినీ విడిగా పెట్టడం టీఈఐ చేసిన మంచి పని. ఆటవెలది బేసి పాదం నమూనా "సూ సూ సూ ఇం ఇం" అని "మెట్"లో, మన ఉదాహరణలో వచ్చిన గణాల పేర్లు "హ హ హ ర సల" అని "రియల్"లో పెడితే చాలు. ఆ సంకేతాలకు అర్థమేమిటో ఫైలు మొదట్లో ఉండే శీర్షభాగంలో ఒక్కసారి ప్రకటించుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. టీఈఐలో "సీజురా" అనే ట్యాగు ఉంది, పాదం మధ్యలో వచ్చే విరామానికి గుర్తు. సంస్కృతంలో యతి అంటే విరామమే కాబట్టి యతికి ఇదే వాడమని సలహా చెప్పేవాళ్లున్నారు. తెలుగు పద్యానికి అది నప్పదు. మన యతి రెండు అక్షరాల మధ్య మైత్రి. అక్కడ ఆగనక్కరలేదు, మాట మధ్యలో పడినా ఇబ్బంది లేదు. పేరు కలిసింది కదా అని సీజురా వాడితే, వాటిని చదివే ప్రోగ్రాములన్నీ తెలుగు కవి అక్కడ ఊపిరి తీసుకున్నాడని అనుకుంటాయి. ప్రాసకు "రైమ్" ట్యాగు ఫరవాలేదు. కాకపోతే మనది పాదం చివర కాక రెండో అక్షరం దగ్గర కుదిరే ప్రాస అని శీర్షభాగంలో రాసి పెట్టాలి.

ఈ దారిలో నేర్చుకునేది తక్కువ, వారంలో పని మొదలవుతుంది. తప్పులు పట్టే వీలు మాత్రం దాదాపు లేదు. "రియల్"లో ఏం రాసినా ఫైలు ఒప్పుకుంటుంది.

## రెండో దారి: శీర్షభాగంలో వర్గీకరణ

మొదటి దారికి చిన్న మెరుగు ఇది. యతి రకాలు, సంధులు, అలంకారాలు ఒక పట్టికగా ఫైలు మొదట్లో రాసుకుంటారు. ఒక్కొక్కదానికీ ఒక గుర్తింపు పేరు, పక్కన రెండు వాక్యాల వివరణ. పాఠంలో ఆ చోటుకు "అనా" యాట్రిబ్యూట్ పెట్టి పట్టికలోని పేరును చూపిస్తారు. చూడ–జాడ దగ్గర "ప్రాసయతి" అనే పేరు తగిలిస్తే సరిపోతుంది.

దీని అందమేమిటంటే వివరణ ఫైలుతోపాటే ప్రయాణిస్తుంది. ప్రాసయతి అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఆ ఫైల్లోనే జవాబుంటుంది. అలంకారాలకు ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు. ఉపమా ఉత్ప్రేక్షా అని పండితులు వాదించుకునే చోట రెండు పేర్లూ తగిలించవచ్చు.

## మూడో దారి: ఓడీడీతో సొంత కొలతలకు కుట్టుకోవడం

టీఈఐ తనను తాను మార్చుకోవడానికి ఇచ్చిన పరికరమే ఓడీడీ. "వన్ డాక్యుమెంట్ డజ్ ఇట్ ఆల్" అన్నదానికి పొట్టి పేరు. ఏ ట్యాగులు ఉంచుతున్నామో, ఏవి తీసేస్తున్నామో, ఏ యాట్రిబ్యూట్‌లో ఏ విలువలు మాత్రమే రావాలో, ఎందుకో, అన్నీ ఒకే ఫైల్లో రాస్తాం. దాని నుంచే తప్పులు పట్టే నియమాల ఫైలు, అంటే స్కీమా, మనుషులు చదువుకునే మార్గదర్శి రెండూ తయారవుతాయి. రోమా అనే వెబ్ పరికరంలో మౌస్‌తోనే చాలావరకు పని జరుగుతుంది.

ఓడీడీలో రెండు వేర్వేరు పనులున్నాయి. చాలామంది వాటిని కలిపేసి చూస్తారు. మొదటిది బిగించడం, రెండోది పెంచడం.

బిగించడం అంటే 550 ట్యాగుల్లో మీకు కావలసిన 40 ఉంచి మిగతావి తీసేయడం, గణం పేరు "హ" లేదా "న" లేదా ఇంద్రగణాలైన ఆరిట్లో ఒకటి తప్ప ఇంకేదీ రాయనివ్వకపోవడం. దీనికి స్కీమాట్రన్ (షరతులు రాసుకునే భాష) నియమాలు జోడిస్తే ఇంకా బలం. "ఆటవెలది బేసి పాదంలో మొదటి మూడు గణాలు సూర్యగణాలే కావాలి" అని ఒక నియమం రాస్తే, పొరపాటున నాలుగో గణాన్ని మూడో చోట కోసినవాళ్లకు వెంటనే ఎర్రగీత కనిపిస్తుంది. ఇలా బిగించిన ఫైళ్లు మామూలు టీఈఐ ఫైళ్లే కాబట్టి ప్రపంచంలో ఎవరైనా చదవగలరు. పైన చెప్పిన "ఇంద్ర, ఇం, ఇంద్రగణం" గొడవ మాకు దీనితోనే తీరింది.

పెంచడం అంటే టీఈఐలో లేని కొత్త ట్యాగును చేర్చడం. అది మీ సొంత నేమ్‌స్పేస్‌లో, అంటే ఈ పేరు టీఈఐది కాదు మీదని తెలిపే ఇంటిపేరు కింద, ఉండాలి, లేకపోతే టీఈఐ ఒప్పుకోదు. ఇక్కడ చేయి ఆపుకోవడం చాలా అవసరం. యతికి ఒక కొత్త ట్యాగు కావాల్సిందేనని నేను చాలాకాలం నమ్మాను. పేరు కూడా పెట్టేశాను. తీరా కూర్చుని ఆలోచిస్తే, యతి ఒకచోట ఉండే వస్తువు కాదు, రెండు చోట్ల మధ్య సంబంధం. సంబంధానికి టీఈఐలో "లింక్" ట్యాగు మొదటినుంచీ ఉంది! దానికి "యతి" అని రకం పేరిచ్చి, రెండు అక్షరాలను చూపిస్తే పని అయిపోయింది. కొత్తది కావాలని అనిపించిన ప్రతిసారీ, ఇది వస్తువా సంబంధమా అని ఒకసారి అడిగి చూడండి.

మరి నిజంగా కొత్త ట్యాగు కావాల్సినవి లేవా? ఉన్నాయి. బంధకవిత్వం తీసుకోండి. పద్మబంధంలోనో నాగబంధంలోనో బొమ్మలో ఒక్కసారే రాసిన అక్షరాన్ని చదివేటప్పుడు పలుమార్లు చదవాలి. ఆ చదివే వరుసను, బొమ్మలోని గళ్లను కలిపి చెప్పడానికి సొంత ట్యాగు పెట్టుకుంటే న్యాయమే.

ట్యాగుల పేర్లు తెలుగులో ఉంటే బాగుండునని అనుకునేవాళ్లకు ఒక మంచి మాట. ఎక్స్‌ఎమ్‌ఎల్ తెలుగు లిపిలో పేర్లు ఒప్పుకుంటుంది. ఓడీడీలో ఏ ట్యాగుకైనా ఇంకో భాషలో మారుపేరు ఇచ్చుకునే ఏర్పాటు కూడా ఉంది. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు "సెగ్" అన్న మాట చూసి బెదిరిపోయేచోట "గణం" అని కనిపిస్తే చేయి తేలిగ్గా కదులుతుంది. ప్రచురించేముందు అసలు పేర్లలోకి మార్చడం మరిచిపోవద్దు.

## నాలుగో దారి: పాఠం ఒకచోట, గుర్తులు ఇంకోచోట

ఇప్పుడు అడ్డుకోత సంగతికి వద్దాం. మన పాదాన్ని తెలుగు పేర్లతో ఇలా రాసి చూడండి:

<గణం>నొక్క <పదం>పో</గణం><గణం>లిక</పదం>నుండు</గణం>

ఇది చెల్లదు. గణం మూసేసరికి పదం ఇంకా తెరిచే ఉంది. పదాన్ని రెండు ముక్కలు చేసి, రెండూ ఒకటేనని గుర్తు పెట్టడం ఒక ఉపాయం. టీఈఐ దానికి ఏర్పాటు చేసింది కూడా. కానీ పద్యం నిండా ముక్కలే అయితే ఫైలు చదవలేం.

ఇంకా లోతైన చిక్కు "నొ" దగ్గర ఉంది. వ్యాకరణం ప్రకారం గీత పడాల్సింది "న్"కీ "ఒ"కీ మధ్య. ఫైల్లో ఉన్నదేమో "న", దాని వెనక కొమ్ములాంటి "ొ" గుర్తు. ఆ రెంటి మధ్య ట్యాగు దూర్చారంటే గుర్తు దిక్కులేనిదై, తెరమీద చుక్కల సున్నాతో వేలాడుతుంది. ముందున్న "న"కు లోపలే అకారం ఉంటుంది కాబట్టి అదీ "న్" కాదు. అంటే సంధి జరిగిన చోట పాఠాన్ని కోయడానికి చోటే లేదు.

అందుకే నాలుగో దారి. పాఠాన్ని అక్షరాలుగా విడగొట్టి ఒక్కొక్కదానికీ ఒక గుర్తింపు ఇస్తారు. మన పాదంలో 13 అక్షరాలు. ఇక మిగతావన్నీ విడి పొరలు:

- గణాలు: 1–2, 3–4, 5–6, 7–9, 10–13
- "పోలిక" అనే మాట: 9–11
- యతి: 1, 7, రకం: ద్రుతం విడదీసిన అచ్చుల యతి
- 7వ అక్షరం విడదీత: న్ + ఒ

గణం ఏడు నుంచి తొమ్మిది దాకా, మాట తొమ్మిది నుంచి పదకొండు దాకా. ఒకదాన్నొకటి కోసుకున్నా ఎవరికీ నొప్పి లేదు. చంపకమాలలో కందాన్ని ఇమిడ్చిన గర్భకవిత్వానికైతే ఇది తప్ప వేరే దారి లేదనే చెబుతాను. ఒకే అక్షరాల మీద రెండు పొరలు పరిచి రెండు పద్యాలూ చూపించవచ్చు.

ఇక కష్టాలు. అక్షరమంటే ఏమిటో మీరే ముందు తేల్చుకోవాలి. "స్త్రీ" మనకు ఒక అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. మామూలు ప్రోగ్రాము ఆరు అని లెక్కపెట్టేస్తుంది. ఇంకోటి, గుర్తింపులను వరుస అంకెలుగా పెట్టి, తర్వాత ఎవరైనా పాఠంలో ఒక అక్షరం చేర్చి మళ్లీ అంకెలు వేశారంటే పొరలన్నీ ఒక అడుగు పక్కకు జరిగిపోతాయి. పైన చదవడానికి తేలికని అంకెలు వాడాను. అసలు పనిలో ఎప్పటికీ మారని పేర్లు పెట్టండి. పాఠం దిద్దడం పూర్తయ్యాకే పొరలు మొదలుపెట్టండి. ఈ ఫైళ్లను చేత్తో రాయడం కూడా కుదరదు, ఒక చిన్న పరికరమైనా తయారు చేసుకోవాలి.

## ఐదో దారి: అంతా సొంతంగా

కొత్త స్కీమా, కొత్త ట్యాగులు, అన్నీ మనవే. మొదట్లో స్వేచ్ఛగా ఉంటుంది. తర్వాత రాతప్రతిలో చిరిగిన ఆకుకు ఒక ట్యాగు, చెరిగిన అక్షరానికి ఒకటి, ఊహించి పూరించినదానికి ఇంకొకటి అంటూ టీఈఐ ఎప్పుడో పరిష్కరించినవన్నీ మళ్లీ కనిపెట్టాల్సి వస్తుంది. ఒక యాప్ లోపల మాత్రమే వాడుకునే డేటాకైతే సరే. భద్రపరచడానికైతే వద్దు.

## పక్కపక్కన పెడితే

| దారి | నేర్చుకునే శ్రమ | తప్పులు పట్టడం | అడ్డుకోత | బయటివాళ్లకు అర్థమవడం |
|---|---|---|---|---|
| ఉన్న ట్యాగులు | తక్కువ | దాదాపు లేదు | కష్టం | బాగా |
| వర్గీకరణ పట్టిక | తక్కువ | కొంత | కష్టం | చాలా బాగా |
| ఓడీడీతో బిగించడం | మధ్యస్తం | చాలా బాగా | కష్టం | బాగా |
| ఓడీడీతో పెంచడం | ఎక్కువ | చాలా బాగా | కష్టం | వివరణ రాస్తేనే |
| విడి పొరలు | ఎక్కువ | పరికరాన్ని బట్టి | తేలిక | పాఠం బాగా, పొరలు కొంత |
| సొంత భాష | మొదట తక్కువ, తర్వాత చాలా | మీ ఓపిక | మీ ఓపిక | కష్టం |

## మీరు ఎవరు?

ఒక్కరే కూర్చుని ఒక శతకం చేస్తున్నారా? మొదటి రెండు దారులు కలిపి వాడండి. వంద పద్యాలకు ఓడీడీ నేర్చుకునే టెన్షన్ అక్కరలేదు. గణవిభజన సాఫ్ట్‌వేర్‌కు వదిలేసి, సంధి వల్ల యతి దాగిన చోట్లు, ప్రాసయతి పడిన చోట్లు మాత్రం గుర్తించండి. మీ శతకానికి విలువ వచ్చేది వాటివల్లే.

కాలేజీలో విద్యార్థులతో చేయిస్తున్నవాళ్లు ముందు ఓడీడీతో బిగించుకోండి. కొత్త ట్యాగులు ఒక్కటీ వద్దు. మొదటి పది పద్యాలు అందరూ విడివిడిగా చేసి, తేడాలు వచ్చిన చోట్లు బల్ల మీద పరిచి మాట్లాడుకోండి. ఆ మాటలన్నీ ఓడీడీలోని వివరణల్లోకి వెళ్లాలి. వచ్చే ఏడాది చేరే విద్యార్థికి అదే పాఠం. టీఈఐకి సాధారణంగా ఏడాదికి రెండుసార్లు కొత్త విడుదల వస్తుంటుంది కాబట్టి, మీరు ఏ విడుదల మీద ఆధారపడ్డారో ఓడీడీలో రాసి పెట్టండి.

శాసనాలు చేసేవాళ్లు పద్యం దారి పట్టనక్కరలేదు. టీఈఐని శాసనాల కోసం మలిచిన ఎపిడాక్ ఉంది. 2019లో యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ నిధులతో మొదలైన ధర్మ ప్రాజెక్టు, దక్షిణ, ఆగ్నేయాసియా శాసనాల కోసం ఎపిడాక్ మీద సొంత మార్గదర్శి రాసుకుంది. వేంగి చాళుక్యుల శాసనాలు కూడా ఆ పనిలో ఉన్నాయి. సగం పని వాళ్లు చేసి పెట్టారు, అక్కడినుంచి అందుకోండి.

కీర్తనలకు స్వరంతో సహా కావాలంటే సంగీతానికి ఎమ్ఈఐ అని వేరే భాష ఉంది. అదీ ఓడీడీలోనే రాసింది కాబట్టి మూడో దారిలో చెప్పినవన్నీ అక్కడా పనికొస్తాయి. గమకం అక్కడ పెద్ద ప్రశ్న. దానికి వేరే వ్యాసమే కావాలి.

పద్యాల మీద పరిశోధన పరికరాలు కట్టేవాళ్లకు, గర్భకవిత్వం, చిత్రకవిత్వం చేసేవాళ్లకు నాలుగో దారి. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు ఒక్కరైనా జట్టులో ఉంటేనే దిగండి.

ఇక ఒకటికి మించి రాతప్రతులు, పాత వ్యాఖ్యానాలు ముందేసుకుని పరిష్కృత ప్రతి తయారు చేస్తున్నవాళ్లు. మీరు మూడో దారినీ నాలుగో దారినీ కలపాల్సి వస్తుంది. పాఠాంతరాలకు టీఈఐలో ఉన్న ఏర్పాటునే ఓడీడీతో బిగించి, సంధి విడదీతలను విడి పొరలో పెట్టండి. ఆ పొరలో ప్రతి విడదీతకూ అది ఎవరు చేశారో చెప్పే "రెస్ప్", ఎంత నమ్మకంగా చెబుతున్నారో చెప్పే "సెర్ట్" యాట్రిబ్యూట్లు తప్పకుండా వాడండి. ఒకే పాదాన్ని ఒక వ్యాఖ్యాత ఒకలా, ఇంకొకరు ఇంకోలా విడదీసిన సందర్భాలు మీకు బోలెడు తగులుతాయి. అచ్చు పుస్తకంలో వాటిలో ఒకటి పైన పాఠంగా నిలిచి, రెండోది పేజీ అడుగున చిన్న అక్షరాల్లోకి పోయేది. ఇక్కడ రెండు విడదీతలూ పక్కపక్కనే, చేసినవారి పేర్లతో ఉంటాయి. ఏది ముందు చూడాలో చదివేవాళ్లు ఎంచుకుంటారు.